కోల్డ్ స్టోరేజీలో ఐదు తెరలు, ఒకటే లెక్క: అందరి దగ్గరా సరిగ్గా ఉండాలంటే ఎలా?

మిర్చియార్డు_రోడ్డు (గుంటూరు)

నమస్కారం అండి. గుంటూరు పక్కన ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీకి నేనూ నా ఫ్రెండూ కలిసి స్టాకు యాప్ రాశాం. గేటు దగ్గర ఒక ఫోను, ఛాంబర్లలో రెండు, కాటా దగ్గర ఒకటి, ఆఫీసులో గుమాస్తా గారి కంప్యూటరు. లారీ నుంచి దిగిన టిక్కీలు (మిర్చి బస్తాలు) గేటు ఫోనులో ఎక్కుతాయి. ఏ ఛాంబరు, ఏ అంతస్తు, ఏ ర్యాకు అన్నది లోపలి ఫోన్లలో ఎక్కుతుంది. డెలివరీ ఆఫీసులో రాస్తారు. ఎవరు ఏది మార్చినా మిగతా నాలుగు చోట్లా అప్పటికప్పుడు కనపడాలి.

మా పద్ధతి ఇది. క్లౌడ్ డేటాబేసులో లాటుకి ఒక డాక్యుమెంటు. ఫోను దాన్ని చదువుతుంది, అంకె మారుస్తుంది, డాక్యుమెంటు మొత్తం తిరిగి రాస్తుంది. డేటాబేసు ఆ మార్పుని మిగతా అందరికీ పంపుతుంది. ఇంట్లో రెండు వారాలు పరీక్షించాం, అర సెకను కూడా పట్టలేదు.

సీజన్లో లాట్ 118 దగ్గర దెబ్బతిన్నాం. ఛాంబరు గోడలకి ఇన్సులేషన్ మందం, లోపల సిగ్నల్ ఉండదు. లాటులో 400 టిక్కీలు. లోపలి కుర్రాడు చెమ్మపట్టిన 40 టిక్కీలు తీయించి, ఫోనులో 360 అని మార్చాడు. ఆ అరగంటలోనే ఆఫీసులో 60 టిక్కీల డెలివరీ రాసి 340 చేశారు. కుర్రాడు బయటికి రాగానే అతని ఫోనులో ఆగిపోయిన 360 వెళ్లి ఆ 340 మీద కూర్చుంది. ఉండాల్సింది 300. ఐదు తెరల మీదా ఒకే అంకె ఉంది, కానీ ఆ అంకె తప్పు. ఆ రైతు కోల్డ్ స్టోరేజీ బాండు (సరుకు నిల్వకి ఇచ్చే రసీదు) బ్యాంకులో పెట్టి అప్పు తీసుకుని ఉన్నాడు. రాత్రి పదింటిదాకా హమాలీల చేత ర్యాకులు లెక్కపెట్టించాం.

వెబ్‌సాకెట్లకి (ఫోనుకీ సర్వర్‌కీ మధ్య ఎప్పుడూ తెరిచి ఉండే లైన్లు) మారితే పోతుందా? సీఆర్‌డీటీ (విడివిడిగా మార్చిన కాపీలు తరవాత వాటంతటవే ఒకటిగా కలిసేలా డేటాని ఉంచే పద్ధతి) వాడమని ఒకాయన చెప్పారు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలిసినవాళ్లు చెప్పండి.

కృష్ణకెనాల్ (విజయవాడ)

వెబ్‌సాకెట్ వేగంగా చేరవేస్తుంది, అంతే. మీ తప్పు అంకె ఇంకాస్త త్వరగా చేరుతుంది. ముందు ఆ ఆలోచన పక్కన పెట్టండి తమ్ముడూ.

మీ ఫోన్లు జరిగిన పనిని పంపడం లేదు. పని జరిగాక మిగిలిన అంకెని పంపుతున్నాయి. "40 తీశాను" అనేది కుర్రాడికి తెలిసిన నిజం. "360 ఉన్నాయి" అనేది అరగంట కిందటి లెక్క మీద అతని ఊహ. మీరు నిజాన్ని పారేసి ఊహని భద్రం చేశారు.

పాత కొట్లలో గుమాస్తాలు ఏం చేసేవాళ్లు? జరిగింది జరిగినట్టు చిట్టాలో రాసేవాళ్లు, తరవాత ఆవర్జాలోకి (ఖాతాల పుస్తకంలోకి) ఎత్తేవాళ్లు. నిల్వ అంకెని ఎవరూ చెరిపి రాయరు, ఎప్పుడూ చిట్టా నుంచే కూడతారు. మీ యాప్‌కీ అదే. ప్రతి నొక్కుడూ ఒక వరుస: ఏ లాటు, ఎంత ప్లస్సు, ఎంత మైనస్సు, ఎందుకు, ఏ ఫోను, ఎవరు. పంచుకోవాల్సింది ఈ వరుసలని. 400 లోంచి 40 పోయింది, 60 పోయింది. ఏది ముందు వచ్చినా 300 వస్తుంది, ఎందుకంటే కూడిక తీసివేతలకి వరుసక్రమంతో పని లేదు.

అన్నిటికీ ఇది కుదరదు. "ఈ లాటు 3వ ఛాంబరు రెండో అంతస్తులో ఉంది" అన్నది కూడేది కాదు, ఒకటి ఉంటే ఇంకోటి ఉండదు. అలాంటి వాటికి వెర్షన్ నంబరు పెట్టండి. "నేను చూసినప్పుడు వెర్షన్ 7, ఇప్పటికీ 7 అయితేనే రాయి" అని సర్వర్‌ని అడగాలి. 8 అయిపోయి ఉంటే సర్వర్ కాదంటుంది, ఫోను ఆ మనిషికి రెండూ చూపించి అడుగుతుంది. మీ స్క్రీన్లలో ఏ గడి ఏ రకమో ఒక కాగితం మీద రాసుకుని రండి, తరవాత లైబ్రరీల సంగతి మాట్లాడదాం.

గుమాస్తా_కొడుకు (నరసరావుపేట)

తెలియక అడుగుతున్నా. ప్రతి మార్పుకీ ఫోను టైము జతచేసి, ఆ టైము ప్రకారం పేర్చుకుంటే సరిపోదా?

మిర్చియార్డు_రోడ్డు

అన్నా, అదీ చేసి చూశాం. కాటా ఫోను గడియారం 7 నిమిషాలు ముందుంది, ఎవరో చేత్తో మార్చారు. ఆ ఫోను రాసింది ప్రతిసారీ గెలిచేది. ఎందుకో కనుక్కోవడానికి రెండు రోజులు పట్టింది.

సులోచన_ఎన్ (బెంగళూరు)

ఆ రెండు రోజుల బాధ ఈ రంగంలో ప్రతివాళ్లూ పడినదే. రెండు యంత్రాల గడియారాలు ఒకేలా ఉంటాయని నమ్మి రాసిన ప్రోగ్రాం ఎప్పుడో ఒకప్పుడు మోసం చేస్తుంది. నెట్ ద్వారా సరిచేసుకునే గడియారాల మధ్య కూడా తేడా మిగులుతుంది.

కంప్యూటర్ శాస్త్రవేత్త లెస్లీ లాంపోర్ట్ 1978లో చూపించిన దారి చాలా చిన్నది. ప్రతి ఫోనూ ఒక అంకె పెట్టుకోవాలి. తను ఏదైనా చేస్తే దానికి ఒకటి కలిపి, ఆ అంకెని మార్పుతో పాటు పంపాలి. అందుకున్న ఫోను తన అంకె, వచ్చిన అంకె రెండిట్లో పెద్దదానికి ఒకటి కలిపి తనదిగా పెట్టుకోవాలి. అప్పుడు ఒక మార్పుని చూసిన తరవాత చేసిన మార్పుకి ఎప్పుడూ పెద్ద అంకే వస్తుంది. గోడ మీద టైము ఎంతయినా పర్వాలేదు.

దీని హద్దు కూడా తెలుసుకోవాలి. చిన్న అంకె ఉన్నది తప్పకుండా ముందు జరిగిందని చెప్పలేం. లోపలి కుర్రాడూ ఆఫీసూ ఒకరినొకరు చూడకుండా చేశారు కదా, ఆ సంగతి ఈ ఒక్క అంకె పట్టించదు. దానికి వెక్టర్ క్లాక్ కావాలి: ఫోనుకొక అంకె చొప్పున ఐదు అంకెల జాబితా. 1988 ప్రాంతంలో ఫిజ్, మాటెర్న్ అనే ఇద్దరు ఎవరికి వారే కనిపెట్టారు. రెండు జాబితాల్లో ఒకదాంట్లో కొన్ని పెద్దవి, ఇంకోదాంట్లో మరికొన్ని పెద్దవి అయితే ఆ రెండు పనులూ ఒకదానికొకటి తెలియకుండా జరిగాయన్నమాట. మీకు ఐదే పరికరాలు కాబట్టి బరువేం కాదు. అయితే మధ్యలో సర్వర్ ఒకటి ఉంది కదా, చాలామటుకు కృష్ణ గారు చెప్పిన వెర్షన్ నంబరే సరిపోతుంది.

గోడ టైము కూడా వరుసలో రాసి ఉంచండి. మనుషులు చదువుకోవడానికి పనికొస్తుంది. పేర్చడానికి మాత్రం వాడొద్దు.

మిర్చియార్డు_రోడ్డు

కాగితం మీద రాశాను. కూడే గడులు నాలుగు, ఒకటుంటే ఇంకోటి ఉండనివి ఆరు, పేరా రాసుకునేది ఒకటి. దాని గురించి తరవాత అడుగుతా.

మార్పులు పంపడం మొదలుపెట్టగానే కొత్త చిక్కు. ఫోను "మైనస్ 40" పంపింది, సర్వర్ రాసుకుంది, "అందింది" అన్న జవాబు దారిలో పోయింది. ఫోను మళ్లీ పంపింది. ఇప్పుడు 80 పోయాయి. పాత పద్ధతిలో 360 అని రెండు సార్లు రాసినా 360గానే ఉండేది.

కృష్ణకెనాల్

సరిగ్గా చూశావు. మార్పుల్ని పంపే పద్ధతికి ఇది కట్టాల్సిన వెల. నెట్‌వర్క్ ఒక సందేశాన్ని సరిగ్గా ఒక్కసారే చేరుస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. పోవచ్చు, రెండు సార్లు రావచ్చు. రెండోసారి వచ్చినా ఏమీ కాకుండా చూసుకోవడం మన చేతిలో ఉంది.

ప్రతి వరుసకీ ఒక గుర్తింపు సంఖ్య ఇవ్వు. ఆ సంఖ్య బటన్ నొక్కిన క్షణంలో ఫోనులోనే పుట్టి, ఫోను డిస్కు మీద పడాలి. చాలామంది పంపే క్షణంలో పుట్టిస్తారు. అలా చేస్తే మళ్లీ పంపినప్పుడు కొత్త సంఖ్య వస్తుంది, చేసిన కష్టం వృథా. సర్వర్ టేబుల్లో ఆ సంఖ్య మీద యూనిక్ నిబంధన (ఒకే సంఖ్య రెండోసారి చేరకూడదని) పెట్టు. రెండోసారి వస్తే "ఇది నా దగ్గరుంది, అందింది" అని మాత్రమే జవాబివ్వాలి.

సర్వర్ తన దగ్గరికి వచ్చిన ప్రతి వరుసకీ వరుస నంబరు వేయాలి: 1, 2, 3. ప్రతి ఫోనూ తను చూసిన చివరి నంబరు గుర్తుపెట్టుకుంటుంది. లైను తెగి మళ్లీ కలిసినప్పుడు "4182 తరవాతవి ఇవ్వు" అంటుంది. 4183 రాకుండా 4184 వస్తే మధ్యలో ఒకటి పోయిందని ఫోనుకే తెలుస్తుంది. కొత్త ఫోను అయితే మొత్తం బొమ్మ (ఆ క్షణానికి ఉన్న నిల్వలన్నీ, అంటే స్నాప్‌షాట్) తీసుకోవాలి, కానీ ఆ బొమ్మ మీద "ఇది 4182 వరకు" అని రాసి ఉండాలి. బొమ్మ తెచ్చుకోవడానికీ ప్రత్యక్ష ప్రసారానికి చేరడానికీ మధ్య జరిగిన మార్పులు మాయమయ్యే బగ్‌ని నేను మూడు వేర్వేరు ప్రాజెక్టుల్లో చూశాను. ముందు ప్రసారానికి చేరు, వచ్చేవాటిని పక్కన పోగెయ్యి, తరవాత బొమ్మ తెచ్చుకో, దాని నంబరు కంటే పెద్దవి మాత్రమే దాని మీద వెయ్యి.

ఓరుగల్లు_కోడ్ (వరంగల్)

మా ఏనుమాముల మార్కెట్ దిక్కు కూడా ఇవే తిప్పలు అన్నా, మేం టిక్కీ అనం, బస్తా అంటం. నేను చేసేది మాత్రం ఆటల పని. అండ్ల నుంచి ఒకటి చెప్త, మీకు పనికొస్తదనుకుంటున్న.

1997ల వచ్చిన ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ ఆట ఎనిమిది మంది కలిసి ఆడేటట్టు చేసిండ్రు. అప్పుడున్నది సెకనుకు 28.8 కిలోబిట్ల మోడెం. తెర మీద వందల మంది సైనికులు. ఒక్కొక్కడు ఏడున్నడో పంపుదమంటే ఆ తీగల పట్టదు. అందుకని వాళ్లు సైనికుల జాగాలు పంపనే లేదు. "ఈ గుంపును గీడికి నడువుమన్న" అనే హుకుంలే పంపిండ్రు. ప్రతి కంప్యూటర్ల ఆట మొత్తం నడుస్తది, అందరూ ఒకటే హుకుంను ఒకటే వంతుల అమలు చేస్తరు. ఇప్పుడిచ్చిన హుకుం రెండు వంతుల తర్వాత అమలైతది, అప్పటిదాంక అందరికీ చేరుతది. దీన్నే లాక్‌స్టెప్ అంటరు. కృష్ణన్న చెప్పిన చిట్టా పద్ధతికి ఇది సొంత తమ్ముడు లెక్క.

కష్టం ఏడొస్తదంటే, అందరి దగ్గర అదే కోడ్ అదే జవాబియ్యాలె. ఆ ఆట చేసినోళ్లే తర్వాత రాసిండ్రు: మ్యాప్ తయారైనప్పుడు ఒక జింక రవ్వంత పక్కకు జరిగి ఉంటే, అది మేసే తొవ్వ మారి, కొన్ని నిమిషాలకు ఒక ఊరోని తొవ్వ మారి, ఆఖరికి రెండు కంప్యూటర్ల రెండు వేరే ఆటలు నడిచేవట. అటువంటిది కళ్లతోని పట్టలేం. అందుకే మేం నడుమ నడుమ మొత్తం స్టేట్‌కు (అప్పటి ఆట పరిస్థితికి) ఒక చెక్‌సమ్, అంటే ఆ సమాచారమంత కలిపి లెక్కగట్టిన ఒక చిన్న అంకె, తీసి సరిచూస్తం.

మీరు గూడ గట్లనే చెయ్యిండ్రి. ప్రతి వంద వరుసలకు ఒకసారి ప్రతి ఫోను తన దగ్గరున్న లాట్లన్నిటిని ఒకటే క్రమంల పేర్చి, చెక్‌సమ్ తీసి, "4200 కాడ నాది ఇది" అని సర్వర్‌కు చెప్పాలె. సర్వర్ తన దానితోని పోల్చుకుంటది. తేడా వస్తే గదే రోజు తెలుస్తది. హమాలీలతోని రాత్రి లెక్కపెట్టించే పని పడదు. పది లైన్ల కోడ్ ఇది, ఒక్కరు గూడ పెట్టరు.

డల్లాస్‌నుంచి (టెక్సాస్)

మంచి చర్చ. సర్వర్ చుట్టూనే అంతా తిరగాలా అన్న ప్రశ్న ఇంకా మిగిలి ఉందనిపిస్తోంది.

మా టీంలో సగం హైదరాబాదు, సగం ఇక్కడ. గాజు తీగలో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. హైదరాబాదుకీ డల్లాస్‌కీ మధ్య 14 వేల కిలోమీటర్ల పైనే. వెళ్లి రావడానికి 140 మిల్లీసెకన్లకి తగ్గదు, నిజంగా పట్టేది ఇంకా ఎక్కువ. అక్షరం నొక్కిన ప్రతిసారీ సర్వర్ అనుమతి కోసం ఆగితే ఎవరూ రాయలేరు. అందుకే ముందు మన తెర మీద మార్చేసి, తరవాత కలుపుకోవడం పుట్టింది.

దీని వెనక చాలామంది శ్రమ ఉంది. 1968 డిసెంబరు 9న శాన్‌ఫ్రాన్సిస్కోలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ దూరంగా ఉన్న సహచరుడితో ఒకే తెర మీద పనిచేసి చూపించాడు. 1973లో ఇల్లినాయి విశ్వవిద్యాలయం వారి ప్లేటో అనే కంప్యూటర్ వ్యవస్థలో టాకోమాటిక్ అనే ప్రోగ్రాం ఒకరు కొట్టే అక్షరాన్ని కొట్టినట్టే మిగతావాళ్లకి చూపించేది. 1989లో ఎల్లిస్, గిబ్స్ ఆపరేషనల్ ట్రాన్స్‌ఫర్మేషన్ పద్ధతిని ప్రతిపాదించారు. నువ్వు 5వ స్థానంలో అక్షరం చేర్చేలోపు నేను 2వ స్థానంలో ఒకటి చేర్చి ఉంటే నీ 5ని 6గా సవరించడం దాని కిటుకు. వాళ్ల మొదటి అల్గారిథంలో లోపం ఉందని తరవాత తేలింది, అంత సూక్ష్మమైన పని. గూగుల్ డాక్స్ ఈ దారిలోనే నడిచింది.

2011లో షపీరో, ఆయన సహచరులు సీఆర్‌డీటీలకి ఒక రూపం ఇచ్చారు. మీ టిక్కీల లెక్కకే వాడి చూపిస్తాను. ప్రతి ఫోనూ రెండు అంకెలు ఉంచుకుంటుంది: తను మొత్తం కలిపింది, తను మొత్తం తీసింది. ఈ రెండూ ఎప్పుడూ పెరుగుతాయే గాని తగ్గవు. రెండు ఫోన్లు కలిసినప్పుడు ఒక్కో ఫోను పేరు మీద ఉన్న అంకెల్లో పెద్దదాన్ని ఉంచుకుంటాయి. ఎన్నిసార్లు పంపినా, ఏ వరుసలో పంపినా, మధ్యలో సర్వర్ లేకపోయినా అందరికీ ఒకే జవాబు. గుర్తింపు సంఖ్యల బాధ కూడా ఉండదు. ఆటోమెర్జ్, వైజేఎస్ లాంటి సిద్ధంగా ఉన్న లైబ్రరీలు ఉన్నాయి. ఛాంబర్లో సిగ్నల్ లేని మీకు ఇంతకంటే సరిపోయేది ఏముంటుంది?

కృష్ణకెనాల్

చరిత్ర బాగా చెప్పారు. సీఆర్‌డీటీ అంటే నాకూ గౌరవమే. కానీ మిర్చి బాండు విషయంలో ఒప్పుకోలేను.

సీఆర్‌డీటీ ఇచ్చే మాట ఒకటే: ఒకే మార్పులు అందుకున్నవాళ్లందరి దగ్గరా ఒకే స్టేట్ ఉంటుంది. ఆ స్టేట్ సరైనదన్న మాట అది ఇవ్వదు. లాటులో 100 టిక్కీలు మిగిలాయి. లైను తెగి ఉంది. ఆఫీసులో 70 డెలివరీ రాశారు, గేటు దగ్గర ఇంకో చీటీ మీద 70 పంపారు. ఎవరి తెర మీద చూసినా 100 ఉన్నాయి, ఎవరి తప్పూ లేదు. తరవాత ఐదు ఫోన్లూ చక్కగా కలిసిపోయి మైనస్ 40 చూపిస్తాయి. ఈ తమ్ముడు మొదటి పోస్టులో రాసిన బాధ సరిగ్గా ఇదే కదా, ఐదు తెరల మీదా ఒకటే అంకె, అదీ తప్పు. పైగా ఇప్పుడు 40 టిక్కీలు లారీ ఎక్కి వెళ్లిపోయాయి.

"సున్నా కిందికి పోకూడదు" అనే నియమం ఎక్కడ ఉందో అక్కడ ఎవరో ఒకరు నిర్ణయం చెప్పాలి. డెలివరీ మాత్రం సర్వర్ ఒప్పుకున్నాకే జరగాలి, సర్వర్ అందకపోతే బటన్ పనిచేయకూడదు. అది మరీ ఇబ్బంది అనుకుంటే ఇంకో దారి ఉంది, 1986 నాటి ఎస్క్రో పద్ధతి. లైను ఉన్నప్పుడే 100లో 60 ఆఫీసు వాటా, 40 గేటు వాటా అని పంచి ఉంచాలి. ఎవరి వాటాలోంచి వాళ్లు లైను లేకపోయినా ఇవ్వొచ్చు. వాటా దాటితే సర్వర్‌ని అడగాలి.

డల్లాస్‌నుంచి

మైనస్ 40 ఉదాహరణకి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటున్నాను. అమెజాన్ వారి డైనమో అనే డేటా నిల్వ వ్యవస్థ గురించి 2007లో వచ్చిన వ్యాసంలో ఇలాంటి ఎంపికే ఉంది. షాపింగ్ కార్టు రెండు చోట్ల వేరుపడితే రెండిటినీ కలిపేస్తారు, అందువల్ల తీసేసిన వస్తువు మళ్లీ కనపడొచ్చు. కార్టులో పెట్టిన వస్తువు పోవడం కంటే అది మేలని వాళ్లే ఎంచుకున్నారు. కార్టు విషయంలో కొనేవాడు మరోసారి తీసేస్తాడు. లారీ ఎక్కిన టిక్కీని అలా వెనక్కి తేలేం.

ఫిగ్మా (చాలామంది కలిసి డిజైన్లు గీసే సాఫ్ట్‌వేర్) వాళ్లు కూడా మధ్యేమార్గం పట్టారు. సీఆర్‌డీటీల నుంచి ఆలోచన తీసుకుని, తుది మాట సర్వర్‌కి ఇచ్చారు. ఒక బొమ్మ రంగు నువ్వూ, వెడల్పు నేనూ మారిస్తే రెండూ నిలుస్తాయి; ఇద్దరం రంగే మారిస్తే సర్వర్‌కి చివర చేరినది నిలుస్తుంది. ఒక చక్కని జాగ్రత్త కూడా ఉంది: నేను చేసిన మార్పుకి సర్వర్ జవాబు వచ్చేదాకా, అదే గడికి అవతల నుంచి వచ్చిన పాత విలువని నా తెర మీద చూపించరు. లేకపోతే రంగు వెనక్కి ముందుకి మిణుకుతుంది. మీ ఛాంబరు ఫోన్లలో ఇది తప్పక పెట్టండి.

మిర్చియార్డు_రోడ్డు

డెలివరీకి సర్వర్ మాటే అని తీర్మానించాం. గుమాస్తా గారు ఒక్కసారి విని ఒప్పుకున్నారు.

ఇంకో రెండు ఉన్నాయి. ఒకటి, లాటు మీద "గమనిక" అనే గడి. రంగు పోయింది, తాలు ఎక్కువ, ఫలానా వ్యాపారి చూసి వెళ్లాడు, ఇలా తెలుగులో రాస్తారు, ఒక్కోసారి ఇద్దరు ఒకేసారి. రెండోది, ఛాంబర్లో ఎవరున్నారో ఆఫీసు తెర మీద పచ్చ చుక్కతో చూపించాలని ఓనరు గారి కోరిక.

సులోచన_ఎన్

గమనిక గడి గురించి నేను చెప్తాను. కలిసి రాసే ఎడిటర్ల మీదే నా ఉద్యోగం, తెలుగు దగ్గర అవి ఎలా తడబడతాయో రోజూ చూస్తుంటాను.

మనకి "స్త్రీ" ఒక్క అక్షరం. యూనికోడ్‌కి (కంప్యూటర్లలో ప్రతి అక్షరానికీ ఒక కోడ్ ఇచ్చే ప్రమాణం) ఆరు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. ఆ కోడ్‌లని నిల్వ చేసే యూటీఎఫ్-8 పద్ధతిలో 18 బైట్లు. ఈ లైబ్రరీలు మామూలుగా ఆ ఆరింటినీ ఆరు విడి వస్తువులుగా చూస్తాయి. ఇంగ్లిష్‌లో ఇద్దరు ఒకే చోట కొడితే స్పెల్లింగ్ చెడుతుంది. తెలుగులో అక్షరమే చెడుతుంది.

గడిలో "పద" అని ఉందనుకోండి. ఒకరు దాన్ని "పని" చేయాలని ద తీసేసి ని పెట్టారు. అదే క్షణంలో ఇంకొకరు "పద్మ" చేయాలని ద తరవాత పొల్లూ మ చేర్చారు. ఇద్దరూ రాసింది మంచి తెలుగే. కలిపాక ద పోతుంది, మిగిలినవి "పని్మ" అనో "ప్మని" అనో వస్తాయి. మొదటిది తెర మీద సరిగ్గా కుదురుకోదు కూడా. అల్గారిథం ప్రకారం ఇది విజయం, ఐదు ఫోన్లలోనూ ఒకే చెత్త ఉంటుంది.

ఎడిటర్ అక్షరాన్ని ముక్కలు చేయకుండా గుత్తిగా పట్టుకోవాలి. చాలాకాలం యూనికోడ్ నియమాలే "స్త్రీ"ని స్, త్, రీ అని మూడు గుత్తులుగా విడగొట్టేవి. 2023లో వచ్చిన 15.1 వెర్షన్‌తో తెలుగు సంయుక్తాక్షరాలు ఒకే గుత్తి అయ్యాయి. మీ ఫోన్లలో ఉన్న పాత లైబ్రరీకి ఆ సంగతి తెలియకపోవచ్చు, పరీక్షించి చూడండి.

నా సలహా అడిగితే, మీకు కలిసి రాసే ఎడిటరే వద్దు. గమనికని ఒక పేరాగా కాకుండా, ఎవరు రాసింది వాళ్ల పేరుతో విడి వరుసగా చేర్చండి. కృష్ణ గారి చిట్టాలోనే అది కూడా ఒక వరుస. ఎవరి మాట వాళ్లది, కలపాల్సిన అవసరమే రాదు. పదేళ్లు ఈ పని చేసి చెప్తున్నాను, చాలా చోట్ల కలిసి రాయాల్సిన అవసరం నిజంగా ఉండదు.

ఇంకొకటి. "ై" గుర్తుకి యూనికోడ్‌లో ఒక కోడ్ ఉంది. అదే గుర్తుని ఎత్వం, దాని కింద వచ్చే ముక్క అని రెండు కోడ్‌లుగా కూడా రాయొచ్చు. కంటికి తేడా తెలియదు, యంత్రానికి అవి వేరు వేరు పదాలు. అందుకే పేర్లన్నిటినీ సర్వర్‌లోకి రాగానే ఎన్‌ఎఫ్‌సీ రూపంలోకి (ఇలాంటి ముక్కల్ని ఒకే కోడ్‌గా కలిపే యూనికోడ్ రూపం) మార్చండి. "సాఫ్ట్‌వేర్" లాంటి మాటల్లో ఉండే కనపడని విడదీత గుర్తుని మాత్రం శుభ్రం చేసే పేరుతో తీసేయకండి, పదం రూపం మారిపోతుంది.

గుమాస్తా_కొడుకు

పచ్చ చుక్క గురించి నేను చెప్పాలి. మా నాన్న 22 ఏళ్లు కోల్డ్ స్టోరేజీలో పనిచేశారు. అక్కడ చల్లదనానికి వాడేది అమోనియా. లీకైతే లోపల ఎవరున్నారన్నది మొదటి ప్రశ్న. ఆ ప్రశ్నకి తెర మీద చుక్క చూసి జవాబు చెప్పే పరిస్థితి రాకూడదు. ఛాంబర్లో సిగ్నల్ ఉండదని మీరే రాశారు కదా. మనిషి లోపలికి వెళ్లగానే చుక్క ఆరిపోతుంది. చూసేవాళ్లు బయటికి వెళ్లిపోయాడనుకుంటారు.

నాన్న వాళ్ల దగ్గర తలుపు పక్కన చెక్క పలక, మేకులు, నంబరు బిళ్లలు ఉండేవి. లోపలికి వెళ్లేవాడు తన బిళ్ల తగిలించి వెళ్లాలి, వచ్చేటప్పుడు తీసుకోవాలి. కరెంటు లేకపోయినా పనిచేసేది. మీ యాప్ ఉన్నా సరే, ఆ పలకని తీయనివ్వకండి.

కృష్ణకెనాల్

ఇంత ముఖ్యమైన మాట ఈ చర్చలో ఇంకొకటి రాలేదు. సమాచారం రాకపోవడాన్ని "లేడు" అని చదవకూడదు. ఆ తెర మీద "లేడు" అనే స్థితే ఉండకూడదు. "10:42కి 3వ ఛాంబరు తలుపు దగ్గర చివరిసారి కనపడ్డాడు" అని మాత్రమే రాయాలి.

లైను తెగిందని తెలుసుకోవడం కూడా అనుకున్నంత తేలిక కాదు. సిగ్నల్ పోయిన ఫోను వెళ్తున్నానని చెప్పి వెళ్లదు, టీసీపీ కనెక్షన్ (నెట్‌లో రెండు యంత్రాల మధ్య లైను) సర్వర్ వైపు చాలాసేపు బతికున్నట్టే ఉంటుంది. బ్రౌజర్లో నడిచే జావాస్క్రిప్ట్‌కి వెబ్‌సాకెట్ పింగ్ ఫ్రేము ("ఉన్నావా?" అని అడిగే సందేశం) పంపే వీలు లేదు, మీ సొంత చిన్న సందేశం పెట్టుకోవాలి. ఎంక్యూటీటీ (పరికరాల మధ్య చిన్న సందేశాలు పంపే ప్రోటోకాల్) వాడితే వీలునామా సందేశం అనే సౌకర్యం ఉంది: ఫోను చేరేటప్పుడే "నేను చెప్పకుండా మాయమైతే అందరికీ ఇది చెప్పు" అని రాసి ఇస్తుంది. కీప్ అలైవ్ గడువుకి (ఫోను ఏదో ఒక సందేశం పంపాల్సిన గడువు) ఒకటిన్నర రెట్లు ఆగి బ్రోకర్, అంటే మధ్యలో సందేశాలు చేరవేసే సర్వర్, ఆ మాట చెప్తుంది. 1999లో చమురు పైపులైన్లని ఉపగ్రహం ద్వారా కనిపెట్టుకోవడానికి పుట్టిన ప్రోటోకాల్ కాబట్టి పలచని లైన్లకి అలవాటు పడ్డదే. కానీ దానికీ తెలిసేది ఫోను సంగతే. మనిషి సంగతి తెలియదు.

మిర్చియార్డు_రోడ్డు

మూడు వారాల తరవాత వచ్చి రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి.

టిక్కీల లెక్క మొత్తం చిట్టా వరుసలకి మార్చాం. ఛాంబరు ఫోనులో ఇంకా సర్వర్‌కి చేరని వరుసలు పసుపు పట్టీతో కనపడతాయి, చేరాక పట్టీ పోతుంది. ఇది కుర్రాళ్లకి బాగా నచ్చింది. పట్టీ పోయేదాకా ఫోను పట్టుకుని తలుపు బయట నిలబడుతున్నారు. మేం చెప్పకుండానే వాళ్లే ఆ అలవాటు చేసుకున్నారు. డెలివరీ బటన్ సర్వర్ లేకపోతే పనిచేయదు. ఒకరోజు నెట్ గంటన్నర పోయింది, రెండు లారీలు ఆగాయి, కాస్త మాటలు పడ్డాం. ఓనరు గారు మాత్రం ఆగడమే మంచిదన్నారు.

ఓరుగల్లు అన్న చెప్పిన చెక్‌సమ్ నాలుగో రోజే పట్టుకుంది. 2300వ వరుస దగ్గర గేటు ఫోనుది తేడా. లాట్లన్నీ చేత్తో సరిచూశాం, అంకెలన్నీ కలిశాయి. సాయంత్రానికి దొరికింది: ఒక రైతు పేరు సైదులు. సర్వర్ వైపు ఎన్‌ఎఫ్‌సీ పెట్టాం, కానీ గేటు ఫోను మొదటి రోజు రైతుల జాబితాని సర్వర్ నుంచి కాకుండా ఆఫీసు పాత ఫైలు నుంచే నేరుగా తీసుకుంది. ఆ ఫైలు పాత ఫాంటు నుంచి కన్వర్టర్‌తో మార్చింది. అందులో "సై" రెండు ముక్కల్లో ఉంది. అదే కారణంగా గేటు ఫోనులో పేరుతో వెతికితే సైదులు గారి లాట్లలో సగమే కనపడుతున్నాయి. ఆయన రెండు సార్లు వచ్చి అడిగి వెళ్లారని అప్పుడు తెలిసింది. ఫోను చేసి చెప్పాను. సులోచన మేడం, మీరు రాసిన ఆ పేరా లేకపోతే నేను వారం వెతికేవాణ్ణి.

పచ్చ చుక్క తీసేశాం. ఛాంబర్ల తలుపుల దగ్గర బిళ్లల పలకలు పెట్టించారు.

ఒక్క ప్రశ్న మిగిలింది. వరుసలు పెరుగుతూ పోతున్నాయి. కొత్త పంట వచ్చేలోపు ఛాంబర్లు ఖాళీ అవుతాయి కదా, అప్పుడు పాత వరుసలు చెరిపేయొచ్చా?

కృష్ణకెనాల్

చెరపొద్దు. ఆ రోజు నంబరుతో నిల్వ బొమ్మ ఒకటి తీసి "ఇక్కడినుంచి కొత్త పద్దు" అని ఒక వరుస రాయి. కొత్త ఫోన్లు అక్కడినుంచి మొదలవుతాయి. పాతవి వేరే టేబుల్లోకి జరుపు, గుర్తింపు సంఖ్యలు మాత్రం వెతకడానికి అందుబాటులో ఉంచు. ఎందుకంటే ఏదో ఒక ఫోను సొరుగులో ఆగిపోయి ఉంటుంది, ఆరు నెలల తరవాత ఛార్జింగ్ పెడతారు, అది తన దగ్గరున్న పాత వరుసలన్నీ ఒక్కసారిగా పంపుతుంది. ముందే వచ్చినవైతే సర్వర్ గుర్తుపట్టాలి. ఎప్పుడూ రానివైతే మూసిన పద్దులో కలపకుండా గుమాస్తా గారి ముందు పెట్టాలి.

నీ పోస్టుల్లో మొదట ఛాంబర్లకి రెండు ఫోన్లు అన్నావు. ఇప్పుడు రెండూ చెక్‌సమ్ పంపుతున్నాయా?

మిర్చియార్డు_రోడ్డు

ఇప్పుడే చూశాను అన్నా. ఒకటే పంపుతోంది. రెండోది ఎనిమిది రోజులుగా సర్వర్‌కి చేరలేదు. ఎవరి దగ్గరుందో కనుక్కోవడానికి వెళ్తున్నా.